గంగజాతరలో డాన్సు క్లాసు

మన బడి పాత విద్యార్థుల కలయికకు వేసే సంచిక కమిటీ వాళ్ళు ఫోన్ చేసి "నువ్వు డాన్సు గురించే రాయాలి, ఇంకేం రాసినా వేసుకోం" అన్నారు. లెక్కల అయ్యవారి గొడుగు గురించీ, తలకోన ట్రిప్పులో తిరుగు బస్సు గురించీ ఎలాగూ మీరంతా రాస్తారు. నాకు బడి అంటే ప్రేయర్ హాలు పక్కన ఆ పొడుగు గది, అందులో కూచిపూడి నేర్పే డాన్సు టీచర్. మిగతాదంతా మసక.

ఆమెకు వారానికి రెండు పీరియడ్లే ఇచ్చేవారు. పరీక్షలు దగ్గరపడితే అవీ సైన్సుకు పోయేవి. అయినా లాంగ్ బెల్ కొట్టాక ఆమె ఇంటికి వెళ్ళేవారు కాదు. నేర్చుకోవాలనుకున్నవాళ్ళు ఉండొచ్చు, ఫీజు మాటే లేదు. కొంగు నడుముకు బిగించి, చెక్క మీద కర్రతో తాళం వేస్తూ, ఒకే అడుగును మూడు కాలాల్లో వేయించేవారు. అర్ధమండలిలో, అంటే సగం కూర్చున్న భంగిమలో, మోకాళ్ళు పక్కలకు తెరుచుకునేదాకా పైకి లేవనిచ్చేవారు కాదు. ఎవరు వెనకబడినా "నువ్వు రేపట్నుంచి రావద్దు" అనే మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. మన చివరి బెంచీ ఇద్దరూ దీనికి సాక్ష్యం.

తొమ్మిది అయిపోయి పదిలోకి వెళ్ళే ముందు ఎండాకాలం సెలవులు. మన తిరుపతి గంగజాతర చాటింపు అయింది. "రేపు పొద్దున్నే తాతయ్యగుంట గంగమ్మ గుడి దగ్గరికి రండి, గజ్జెలు అక్కర్లేదు" అని కబురు పంపారు టీచర్. ఇళ్ళల్లో ఎంత రభస జరిగిందో మీకు తెలుసు. జాతరలో బూతులు తిట్టడం ఆచారం కదా, ఆడపిల్లల్ని డాన్సు పేరు చెప్పి అక్కడికి తీసుకుపోవడం ఏంటని మా నాయన ఒప్పుకోలేదు. టీచర్ ఇంటింటికీ వచ్చారు. మా వసారాలో కూర్చుని, మా అవ్వ ఇచ్చిన మజ్జిగ తాగి, "తీసుకుపోయేది నేనే, తెచ్చి దించేదీ నేనే" అన్నారు. మా నాయన ఇంకేం మాట్లాడలేదు.

బైరాగి వేషం, బండ వేషం, తోటి, దొర, మాతంగి... ఇవేవీ మనకు కొత్త కాదు. ఆడవాళ్ళను చెరబట్టిన పాలెగాడిని వెతుకుతూ గంగమ్మ రోజుకో వేషంలో తిరిగిన కథ అవ్వల ఒళ్ళో విన్నదే. ఆ వేషాలు కట్టే కైకాల కుటుంబం వాళ్ళు వస్తే దండం పెట్టుకుని ఇంటికొచ్చేసేవాళ్ళం. టీచర్ మాత్రం మమ్మల్ని గుడికి కాస్త ఎడంగా ఒక అరుగు మీద నిలబెట్టారు. మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం కట్టిన మగవాళ్ళు ఆ దారినే గుంపులుగా వస్తున్నారు. పెళ్ళాల చీరలు, అక్కల గాజులు, సవరం పెట్టి వేసిన జడలు. మాకు నవ్వు ఆగలేదు.

టీచర్ నవ్వలేదు. "ఎవురు బాగా కట్టినారో చెప్పండి" అన్నారు.

అందరం ఎర్ర పట్టుచీర ఆయన్ని చూపించాం. ఆమె తల అడ్డంగా ఊపి, వెనక వస్తున్న ఒక బక్క మనిషిని చూపించారు. పాత నూలు చీర. మీసం కూడా తీయలేదు. కుడి చంకలో బిడ్డ. గాలికి కొంగు జారింది. పక్క మనిషితో మాట్లాడుతూనే, చూపు కూడా తిప్పకుండా, ఎడమ చేత్తో కొంగు లాగి భుజం మీదికి వేసుకుని, ఆ కొంగు చివరతోనే బిడ్డ మొహం మీద చెమట అద్ది వెళ్ళిపోయాడు.

"చూసినారా ఆ చెయ్యి? ఎవురు నేర్పించినారు దానికి?"

ఎవరూ మాట్లాడలేదు.

"ఇంట్లో వాళ్ళమ్మనో పెళ్ళాన్నో చూసి, వాడికే తెలీకుండా నేర్చుకున్నాడు. మీరు పుట్టినప్పట్నుంచీ ఆడపిల్లలే కదా, స్టేజీ ఎక్కితే మీ చెయ్యి కట్టెలాగా ఎందుకు బిగుసుకుంటుంది?"

ఆ మధ్యాహ్నం చెట్టు నీడన కూర్చోబెట్టి, కూచిపూడిలో తరతరాలుగా మగవాళ్ళే ఆడారనీ, సత్యభామ వేషం కూడా వాళ్ళే కట్టేవాళ్ళనీ చెప్పారు. ఆడవేషాలకు పేరుపడ్డ వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను ఆమె మద్రాసులో చూశారట. ప్రవేశంలో తెర వెనక నుంచి సత్యభామ తెర మీదుగా జడ విసిరిన ఆ క్షణం గురించి చెప్పేటప్పుడు ఆమె మెడ దానంతటదే ఓరగా తిరిగింది. తర్వాత మాకు సెలవుల హోంవర్క్ ఇచ్చారు. ఇంట్లో ఒక మనిషిని ఎంచుకోవాలి, ఆ మనిషి చేసే పని ఒకటి రోజూ చూడాలి, బడి తెరిచాక చేసి చూపించాలి.

నేను మా అవ్వను ఎంచుకున్నాను. తమలపాకు ఈనె తీసి, ఆకును తొడ మీద రెండు వైపులా తుడిచి, చూపుడు వేలి చివరన సున్నం తీసుకుని రాసి, వేలికి మిగిలింది పక్కనున్న స్తంభానికి పూసేది. నేను స్తంభం సంగతి కూడా చేసి చూపించాను. టీచర్ చేతిలో కర్ర పక్కన పెట్టేసి "మళ్ళీ చెయ్యి" అన్నారు. మళ్ళీ చేశాను. ఇంకోసారి చేయించుకుని, "నీకు అభినయం వస్తుంది" అన్నారు. నా బతుకు ఆ మాటతో ఒక దారిన పడింది.

ఆ ఏడు వార్షికోత్సవంలో సత్యభామ ప్రవేశం, తెర, తెర వెనక దగ్గు అన్నీ మీకు తెలిసినవే.

పది తర్వాత ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో డిప్లొమా, పెళ్ళి, పిల్లలు. అత్తగారింటి మిద్దె మీద రేకులు వేసి క్లాసులు మొదలుపెట్టాను. కింద అద్దెకున్నవాళ్ళు చప్పుడు భరించలేమన్నారు, తప్పు వాళ్ళది కాదు. పైగా సిమెంటు నేల మీద ఏళ్ళ తరబడి అడుగులు వేస్తే మడమలు, మోకాళ్ళు పోతాయి. చీటీ పాడి, నగ తాకట్టు పెట్టి, బైరాగిపట్టెడలో సొంత హాలు కట్టాం. కింద ఖాళీ వదిలి చెక్క నేల వేయించాను. ప్రారంభానికి టీచర్ వచ్చారు. చెప్పులు విప్పి మడమతో రెండుసార్లు తట్టి, ఆ చప్పుడు విని, "పిల్లల మోకాళ్ళు బతికినాయి" అన్నారు. ఇప్పుడామె లేరు.

విజయదశమికి హాలు నిండుతుంది, ఫిబ్రవరికి సగం ఖాళీ అవుతుంది. పదో తరగతి అనగానే మాన్పించేస్తారు. అలాంటప్పుడు నేనూ ఇంటింటికీ వెళ్తాను. కొందరు ఒప్పుకుంటారు, కొందరు కాఫీ ఇచ్చి పంపేస్తారు. ఒప్పుకున్న వాళ్ళ పిల్లలు ఇవాళ చెన్నైలో, బెంగళూరులో, డల్లాస్‌లో క్లాసులు నడుపుతున్నారు. బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు మాడవీధుల్లో మా పిల్లలు ఆడారు, మహతి ఆడిటోరియంలో ఆడారు. తమలపాకు పాఠం మాత్రం ఎవరికీ తప్పలేదు. ఇప్పటి పిల్లలు అమ్మ ఫోన్ చూస్తూ కూర తిప్పే పద్ధతి చేసి చూపిస్తున్నారు. అదీ ఎంత బాగుంటుందో!

మా దగ్గర ఒక అబ్బాయి ఉన్నాడు, ఆటో నడిపే ఆయన కొడుకు. చిన్నప్పుడు జాతరలో మొక్కుకు ఆడవేషం కట్టాడు, అదే ఊపులో డాన్సుకు వచ్చాడు. మగపిల్లాడికి ఇదేం పని అని వాళ్ళ నాన్న మాన్పించబోతే, ఆయన్ని కూర్చోబెట్టి సత్యనారాయణ శర్మ గారి సంగతి చెప్పాను, పద్మశ్రీ వచ్చిందని కూడా చెప్పాను. ఇప్పుడు ఆ అబ్బాయి సత్యభామ కడితే జడ వెయ్యడానికి వాళ్ళ నాన్నే ముందుంటాడు.

మన కలయిక రోజున ఆ అబ్బాయి చేత సత్యభామ ప్రవేశం వేయిస్తున్నాను. తెర పట్టడానికి ఇద్దరు కావాలి. చివరి బెంచీ వాళ్ళిద్దరూ, మిమ్మల్నే, మీ పేర్లు కమిటీకి ఇచ్చేశాను. పొద్దున తొమ్మిదికల్లా వచ్చెయ్యండి, ఒక రిహార్సల్ వేసుకుందాం. తెర ఈసారి కొంచెం పొడుగు, ఎత్తి పట్టాలి.