లోపల వదిలిన బట్ట

ఈ రోజు రెండో శనివారం కాబట్టి కాలేజీకి సెలవు. ఉదయం ఆరు గంటలకే బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కుకు వెళ్ళి నాలుగు చుట్లు నడిచాను. పన్నెండేళ్ళుగా అక్కడే నడుస్తున్నాను. ఈ పన్నెండేళ్ళలో నా బరువు పెద్దగా తగ్గలేదు గానీ మోకాళ్ళ నొప్పి తగ్గింది, రాత్రి నిద్ర బాగా పడుతోంది, అందుకే మానలేదు. అయినా బరువు తగ్గడానికి తప్ప మరి దేనికీ ఎవరూ నడవరని, తగ్గకపోతే నడిచినదంతా వృథా అని మాతో నడిచే ఆడవాళ్ళందరిలోనూ ఒక నమ్మకం ఉంది.

ఈ రోజు మాటలన్నీ ఇంజెక్షన్ల చుట్టూనే తిరిగాయి. రిటైరైన ఒక టీచరమ్మ, తన కోడలు వారానికొకటి చొప్పున వేయించుకుని మూడు నెలల్లో ఏడు కిలోలు తగ్గిందని చెప్పారు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాక ఈ కబురు ప్రతి పార్కులోనూ వినిపిస్తూనే ఉంది. షుగరు వైద్యం కోసం జరిగిన పరిశోధనల్లోంచి వచ్చిన మందులివి. భోజనం చేసినప్పుడు పేగుల్లో ఊరే హార్మోన్లు చేసే పనినే ఇవీ చేస్తూ, ఆకలిని తగ్గించి, కడుపు నిదానంగా ఖాళీ అయ్యేలా చూస్తాయి. మానేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది. టీచరమ్మ చెప్పడం పూర్తయ్యాక ఇంకొకావిడ, "నోరు కట్టుకోలేనివాళ్ళకే కదండీ అవన్నీ" అన్నారు.

నోరు కట్టుకోవడం అనే మాట నన్ను చిన్నప్పటి నుంచీ వెంటాడుతోంది. లావుగా ఉన్న మనిషిని చూడగానే ఆ మనిషికి నిగ్రహం లేదని, తిండి మీద యావ ఎక్కువని, సోమరి అని ఎదుటివాళ్ళు ఒక్క చూపులో తేల్చేస్తారు. మన కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోనును తయారుచేసి, ఒంట్లో నిల్వ ఎంత ఉందో మెదడుకు చెబుతాయని న్యూయార్క్‌లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం 1994లో కనిపెట్టింది. కడుపు మాడ్చుకుని బరువు తగ్గితే ఆ లెప్టిన్ కూడా తగ్గి, ఆకలి పుట్టించే హార్మోన్లు పెరిగి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవడానికి శరీరం పోరాడుతుంది. నేను నాలుగుసార్లు పది కిలోలకు పైగా తగ్గాను, నాలుగుసార్లూ తిరిగి పెరిగాను. తగ్గిన ప్రతిసారీ నన్ను మెచ్చుకున్నవాళ్ళు, పెరిగినప్పుడు నా గుణంలోనే ఏదో లోపం ఉందన్నట్టు చూశారు. ఆకలిని మందుతో తగ్గించవచ్చని ఇప్పుడు అందరికీ తెలిసింది కాబట్టి, ఆకలి అందరిలో ఒకేలా ఉండదనే సంగతి కూడా అర్థమవుతుందేమో అని ఆశపడ్డాను. పార్కులో విన్నదాన్ని బట్టి చూస్తే అది ఇంకా అర్థం కాలేదు. పైగా ఇంజెక్షన్ ఉండగా ఈవిడ ఇంకా ఇలాగే ఎందుకుందని కొత్త ప్రశ్న ఒకటి పుట్టింది.

పదకొండు గంటలకు నారాయణగూడలో టైలర్ మాస్టారి దగ్గరికి వెళ్ళాను. 1972లో అమ్మ పెళ్ళికి కుట్టించిన వంకాయరంగు పట్టు రవికెను అక్క కూతురు వేసుకోవాలని ముచ్చటపడుతోంది. అమ్మ పోయి ఏడేళ్ళయినా ఆ రవికె పాత దుప్పటి మడతల్లో భద్రంగానే ఉంది. మాస్టారు దాన్ని లోపలివైపుకు తిప్పి కిటికీ దగ్గర పట్టుకుని నాకు చూపించారు. పక్క కుట్టు దగ్గర సూది రంధ్రాల వరసలు రెండు, విప్పేసిన కుట్ల ఆనవాళ్ళు, సన్నటి చుక్కల్లా కనిపించాయి. మొదటిది అమ్మ పెళ్ళినాటి కొలత, రెండోది అక్క పుట్టాక అయి ఉండాలి. ఇప్పుడున్న కుట్టు మూడోది. దానికి అవతల ఇంకా అంగుళంన్నర బట్ట మిగిలి ఉంది. ఎండా గాలీ తగలని ఆ భాగంలో రంగు ఇప్పుడే మగ్గం మీది నుంచి దించినంత ముదురుగా ఉంది.

"ఇంత బట్ట ఇప్పుడెవరు వదుల్తున్నరు మేడం? రెడీమేడ్ల వేలంత కూడ ఉండది" అన్నారాయన.

ఆ మాట మీద ఇంటికి వచ్చేవరకూ ఆలోచిస్తూనే ఉన్నాను. పదహారేళ్ళ పెళ్ళికూతురికి రవికె కుట్టిన ఆ ఊరి దర్జీ, ఈ పిల్ల ఒళ్ళు చేస్తుందని, చేయాలని, ముందే అనుకుని లోపల బట్ట వదిలాడు. పెళ్ళయ్యాక, కాన్పులయ్యాక శరీరం మారడం ఆ రోజుల్లో తప్పు కాదు, పంట ఎదిగినంత సహజమైన సంగతి. సెలవులకు సూర్యాపేట దగ్గరున్న మా ఊరికి వెళ్ళినప్పుడు అమ్మమ్మ ముందుగా మణికట్టు పట్టుకుని చూసేది. "గిట్ల బక్కగైనవేంది బిడ్డా, తింటలెవ్వా" అంటే ఆమె బెంగపడినట్టు. "జర ఒళ్ళు చేసినవు, మంచిగున్నవు" అంటే దీవించినట్టు. కరువును కళ్ళారా చూసిన మనిషికి ఒంటి మీది కండ ఇంట్లోని గింజలకు గుర్తు. 1957లో మాయాబజార్ చూసిన ఆ తరం, సావిత్రి నిండైన రూపాన్ని అందమనే అనుకుంది తప్ప అందులో తగ్గించవలసింది ఏదైనా ఉందని అనుకోలేదు. 2015లో సైజ్ జీరో సినిమా కోసం అనుష్క బరువు పెరిగితే ఆ పెరగడమే పెద్ద వార్త అయింది.

మన మాటల్లో కూడా ఈ మార్పంతా దాగి ఉంది. పోతన భాగవతంలో మొసలికి చిక్కిన గజేంద్రుడు తనలో లావు ఒక్కింత కూడా లేదని మొరపెట్టుకుంటాడు. అక్కడ లావు అంటే బలం. మా వైపు లావుగా ఉన్నవాళ్ళను దొడ్డుగున్నరు అంటారు. దొడ్డ అంటే గొప్ప; ఉదారమైన మనసును దొడ్డ మనసు అంటాం, కొన్ని ఇళ్ళలో పెద్దమ్మను దొడ్డమ్మ అని పిలుస్తారు. బలానికి, గొప్పతనానికి పెట్టుకున్న ఈ రెండు మాటలే ఇప్పుడు బడిలో పిల్లలను ఏడిపించడానికి వాడుకలో ఉన్నాయి. బియ్యం సంగతి కూడా అంతే కదా అని నడుస్తూనే అనుకున్నాను. దొడ్డు బియ్యం తినేవాళ్ళకు సన్న బియ్యం తినడం ఒక గౌరవమైంది, 2025 ఉగాదికి తెలంగాణ రేషన్‌లో కూడా సన్న బియ్యమే మొదలైంది. పేదవాళ్ళకు మంచి బియ్యం అందడం నాకు సంతోషమే. అయితే సన్నదనం మనుషుల విషయంలోనూ హోదాకు గుర్తుగా మారిన కాలమూ, తిండి అందరికీ కాస్త అందుబాటులోకి వచ్చిన కాలమూ ఒకటే కావడం యాదృచ్ఛికమని నేననుకోను. తిండి దొరకనప్పుడు నిండైన ఒళ్ళు గొప్ప. దొరికాక, తినకుండా ఉండగలగడం గొప్ప.

మధ్యాహ్నం భోజనం చేస్తుండగా మధ్యవర్తి ఫోను చేశారు. అక్క కూతురికి ఇరవై ఏడేళ్ళు, మాదాపూర్‌లో ఉద్యోగం, పోయిన ఆదివారమే అబ్బాయి తరఫువాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు. "అమ్మాయి నచ్చిందండీ. చదువు, సంస్కారం అన్నీ బాగున్నాయన్నారు. కాకపోతే ముందు ముందు ఆరోగ్య సమస్యలేమైనా వస్తాయేమోనని వాళ్ళ ఆలోచన" అన్నారాయన, ఎంతో మర్యాదగా.

1999లో నన్ను చూడవచ్చిన ఒక సంబంధం గుర్తొచ్చింది. నేను కాఫీ గ్లాసుల పళ్ళెంతో గదిలో ఉండగానే పెళ్ళికొడుకు మేనత్త, "పిల్ల జర దొడ్డుగున్నది" అంది. అమ్మమ్మ వెంటనే, "మా ఇంట్ల గింజలకు కరువు లేదమ్మా" అని జవాబిచ్చింది. ఆ సంబంధం కుదరలేదు, నేను ఆ రాత్రంతా ఏడ్చాను, ఆ మాట ఈ రోజుకీ మరచిపోలేదు. అయినా ఆ మాటకు ఒక జవాబుంది. ఈ రోజు విన్నదానికి జవాబు చెప్పలేకపోయాను. అందం గురించి మాట్లాడడం అనాగరికమని ఇప్పుడు అందరూ నేర్చుకున్నారు కాబట్టి, అదే కాదనడం ఆరోగ్యం పేరుతో వచ్చింది. ఆ పేరు వినగానే ఎదుటివాళ్ళు మన మేలు కోరుతున్నట్టు ఉంటుంది, కోపగిస్తే మనదే తప్పవుతుంది.

ఊబకాయం వల్ల ఆరోగ్యానికి ముప్పు లేదని నేననడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అధిక బరువు, ఊబకాయం ఉన్న ఆడవాళ్ళు 2015-16లో నూటికి 20.6 మంది ఉంటే, 2019-21 నాటికి 24 మంది అయ్యారు, మగవాళ్ళు 18.9 నుంచి 22.9కి పెరిగారు. మనవాళ్ళలో కొవ్వు పొట్ట చుట్టూ, లోపలి అవయవాల చుట్టూ ఎక్కువగా చేరుతుంది కాబట్టి, ఎత్తును బట్టి బరువును లెక్కకట్టే బీఎంఐ 25 దాటగానే మనకు ఊబకాయం కింద లెక్క, నడుము ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. ఆ బీఎంఐ లెక్క కూడా మొదట ఒక్కొక్క రోగి కోసం చేసింది కాదు. 1830ల్లో బెల్జియంకు చెందిన కెట్లే అనే గణితవేత్త, సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవడానికి చేసిన సూత్రం. దానికి ఇప్పటి పేరు 1972లో ఆన్సెల్ కీస్ పెట్టాడు. అమ్మ రవికె కుట్టించిన ఏడాదే అది.

మా ఆయన బక్కపలచని మనిషి. 2016 నుంచి షుగరు మాత్రలు వేసుకుంటున్నారు. పెళ్ళిళ్ళలో ఆయన విస్తట్లో రెండో జిలేబీ పడితే ఎవరూ చూడరు. నా విస్తట్లో మొదటిదే చూస్తారు. ఆరోగ్యం గురించిన బెంగే అయితే ఆయన విస్తరి మీద కదా కళ్ళుండాలి. వైద్యుల దగ్గరా ఇదే అనుభవం నాకు. 2009లో అలసట, మోకాళ్ళ నొప్పితో ఒక ఆసుపత్రికి వెళ్తే, నన్ను కుర్చీలోంచి లేపకుండానే, చేయి వేసి చూడకుండానే, బరువు తగ్గి రమ్మన్నారు. సిగ్గుతో నాలుగేళ్ళు ఏ డాక్టరు దగ్గరికీ వెళ్ళలేదు. ఆ తర్వాత మరొక డాక్టరమ్మ రక్తపరీక్ష రాయిస్తే థైరాయిడ్ బాగా తక్కువగా ఉందని బయటపడింది. ఆవిడ కూడా నా నడుము టేపుతో కొలిచారు. కొలిచి, కాగితం మీద అంకె రాసి, దాని అర్థమేమిటో, ఏం చేయవచ్చో చెప్పారు. ఆ గదిలో నాకు సిగ్గనిపించలేదు.

మధ్యాహ్నం ఫోను పెట్టేశాక నేనొక పని చేశాను. అబ్బాయి ఫొటో తెరిచి, పెద్దది చేసి, అతని పొట్ట చూశాను. చూస్తున్నది ఏమిటో తెలిసిన వెంటనే ఫోనును బల్ల మీద బోర్లించాను. నా జీవితమంతా నన్ను చూసిన చూపే అది. నా కళ్ళకూ అది వచ్చేసిందని తెలిసి చాలాసేపు మనసు పాడైంది.

సాయంత్రం ఆరింటికి మాస్టారు రవికె పంపించారు. ఏడు గంటలకు అక్క కూతురు ఆఫీసు వాళ్ళ కార్యక్రమం ఏదో ముగించుకుని మెట్రోలో వచ్చింది. దానికి ఫోను సంగతి చెప్పి, నేను రాసిపెట్టుకున్న సందేశం చూపించాను: అమ్మాయి రక్తపరీక్షల రిపోర్టులన్నీ బాగానే ఉన్నాయి, పంపిస్తాం, అబ్బాయివి కూడా దయచేసి పంపండి. ఇది అమ్మమ్మ ఇచ్చినంత జవాబే అనుకున్నాను.

అది రెండుసార్లు చదివింది. "వద్దు పిన్నీ" అంది. "నా షుగరు బాగుంది, థైరాయిడ్ బాగుంది అని చూపిస్తేనే నేను సరైన పిల్లనా? నీకు థైరాయిడ్ ఉంది, బాబాయికి షుగరుంది. రేపు నాకూ రావచ్చు. అప్పుడు వాళ్ళన్నది నిజమని ఒప్పుకున్నట్టేనా?"

నేను ఆ వైపు నుంచి ఎన్నడూ ఆలోచించలేదు. లావుగా ఉన్నా ఆరోగ్యంగానే ఉన్నానని ముప్పై ఏళ్ళుగా అందరికీ రుజువు చూపిస్తూ వచ్చాను. పార్కులో నాలుగు చుట్లు నడవడం కూడా కొంతవరకు ఆ రుజువు కోసమేనేమో. జబ్బుపడిన లావు మనిషికి గౌరవం అక్కరలేదా అని నన్నెవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. సందేశం చెరిపేశాను. సంబంధం వద్దని మాత్రం రేపు అక్కతో మాట్లాడి మధ్యవర్తికి చెప్పాలని ఇద్దరం అనుకున్నాం.

తర్వాత అది లోపలి గదిలోకి వెళ్ళి అమ్మ రవికె వేసుకుని వచ్చింది. కుట్టు విప్పిన చోట, రెండు పక్కలా వేలెడు వెడల్పున ముదురు వంకాయరంగు పట్టీలు తేలాయి. అద్దం ముందు నిలబడి చేతులు పైకెత్తి, దించి, ఎడమ చంక కింద ఇంకా కొంచెం పట్టేస్తోందంది. లోపలివైపు వేలు పెట్టి తడిమి చూశాను. ఇంకొక కుట్టుకు సరిపడా బట్ట ఉంది. సోమవారం కాలేజీ అయ్యాక మళ్ళీ మాస్టారి దగ్గరికి తీసుకువెళ్ళాలి.