చివరి ఆయకట్టు నుంచి ఒక ఓటు

తెలుగు వికీపీడియాలో రాయడం మొదలుపెట్టి తొమ్మిదేళ్లయింది. మా దివిసీమ ఊళ్ల గురించి, మడ అడవుల గురించి రాసుకుంటూ, ఎవరైనా మూలాలు అడిగితే వెతికి పెడుతూ నా మానాన నేను ఉండేదాన్ని. దీన్నంతా నడిపించే సంస్థ ఒకటి ఉందని తెలుసు గానీ, అందులో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు, ఎలా తీసుకుంటారు అని ఏనాడూ ఆలోచించలేదు. 2024 వేసవిలో ఆలోచించాల్సి వచ్చింది.

తెలుగు వికీలో మేం మాట్లాడుకునే చర్చా పేజీ రచ్చబండలో ఒక సందేశం పడింది. వికీమీడియా ఉద్యమానికి, అంటే వికీపీడియా లాంటి ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లందరికీ, ఒక చార్టర్ తయారవుతోంది, దాన్ని మీ భాషలోకి తేవడానికి సాయం చేయండి అని. నాకు ఇంగ్లీషు బాగానే వచ్చు, వేసవి సెలవులున్నాయి. సరే, ఒక వారం పని అనుకుని దిగాను. అది సెప్టెంబరు దాకా సాగింది.

తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. వికీమీడియా ఫౌండేషన్ 2003 జూన్‌లో జిమ్మీ వేల్స్ పెట్టిన లాభాపేక్ష లేని సంస్థ. ఆఫీసు శాన్‌ఫ్రాన్సిస్కోలో. వికీపీడియా సర్వర్లు, సాఫ్ట్‌వేర్, కోర్టు వ్యవహారాలు, విరాళాలు అన్నీ అదే చూస్తుంది. ఏడాదికి 16 కోట్ల డాలర్ల పైనే ఖర్చు పెడుతుంది. వ్యాసాలు రాసేది మాత్రం జీతం భత్యం లేని మనుషులు. పైన ఉండే ట్రస్టీలకూ జీతం ఉండదు. బోర్డులో 16 సీట్ల దాకా ఉంటాయి. వాటిలో 8 సీట్లకు రాసేవాళ్లు, దేశాల వారీగా, భాషల వారీగా వాళ్లు పెట్టుకున్న అనుబంధ సంస్థలు కలిసి మనుషులను ఎన్నుకుంటారు. 7 సీట్లు బోర్డే నింపుకుంటుంది. ఒకటి వ్యవస్థాపకుడిగా వేల్స్‌ది.

ఇంతమంది కలిసి చేసే పనిలో ఎవరి అధికారం ఎంతవరకు, ఎవరి బాధ్యత ఏమిటి అన్నది అందరూ ఒప్పుకున్న ఒకే పత్రంలో ఎక్కడా లేదు. అలాంటి పత్రమే ఈ చార్టర్. దాన్ని రాయడానికి 2021 నవంబరులో 15 మందితో ఒక కమిటీ ఏర్పడింది. రెండున్నరేళ్లు రాసి, దిద్ది, మళ్లీ రాసి, 2024 ఏప్రిల్‌లో పూర్తి ముసాయిదా బయటపెట్టారు. జూన్ 10న తుది పాఠం వచ్చింది. అందులో అన్నిటికన్నా పెద్ద ప్రతిపాదన గ్లోబల్ కౌన్సిల్. 25 మందితో మొదలయ్యే ఒక మండలి. అందులో ఎక్కువమందిని వాలంటీర్లు, అనుబంధ సంస్థలే ఎన్నుకుంటాయి. ఇప్పటిదాకా ఫౌండేషన్ చేతిలోనే ఉన్న కొన్ని నిర్ణయాలు దానికి వస్తాయి.

అనువాదం పేజీలో పాఠాన్ని ముక్కలు ముక్కలుగా ఇస్తారు. పైన ఇంగ్లీషు వాక్యం, కింద మనం రాసే పెట్టె, పక్కన మెషీన్ ఇచ్చిన సూచన. ఆ సూచనలు చూస్తే ప్రభుత్వ సర్క్యులర్ చదువుతున్నట్టు ఉండేది. అన్నీ చెరిపేసి మళ్లీ రాసుకున్నాను. అకౌంటబిలిటీకి జవాబుదారీతనం సరిగ్గా సరిపోయింది. అఫిలియేట్‌కి అనుబంధ సంస్థ. ఈక్విటీ దగ్గర ఆగిపోయాను.

మొదట సమానత్వం అని రాసి ముందుకు వెళ్లాను. రాత్రి పదింటికి మా వికీలో పెద్దాయన ఒకరు ఫోన్ చేశారు. ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు. మేమందరం మాస్టారూ అనే పిలుస్తాం.

"ఏమ్మా, ఈక్విటీకి సమానత్వం వేశావు, ఈక్వాలిటీకి ఏం వేస్తావు?" అన్నారు.

"అదీ సమానత్వమే కదండీ."

"మీ నాన్నగారిది దివిసీమేగా? కాలువ చివర పొలమేగా? పై వాళ్లకీ మీకూ తూములు ఒకే సైజులో పెట్టి, ఒకేసారి ఎత్తితే మీకు నీళ్లొస్తాయా?"

రావు. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర నీళ్లు వదిలాక మా ఊరికి చేరడానికి పట్టే రోజులు లెక్కపెట్టుకుంటూ పెరిగినదాన్ని. తూము అందరికీ ఒకటే. పైన వాళ్లు ఊడుపులు పూర్తి చేసుకునేసరికి మా నారుమళ్లు నెర్రెలిచ్చేవి. చివరి ఆయకట్టుకు నీళ్లందాలంటే పైన కొన్నాళ్లు తూములు మూసి ఉంచాలి, వంతులు పెట్టాలి, రాత్రి పూట ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కాపలా తిరగాలి. నాన్న తిరిగేవారు. అందరికీ ఒకేలా ఇవ్వడం వేరు, అందరికీ అందేలా ఇవ్వడం వేరు. ఆ రెండో దానికి తెలుగులో మాట కావాలి. న్యాయబద్ధత, సమధర్మం, సమన్యాయం అని మూడు రాసుకున్నాం. చివరికి సమన్యాయం దగ్గర ఆగాం. ఆ మాట చార్టర్‌లో వచ్చిన ప్రతిచోటా వెనక్కి వెళ్లి మార్చాను. మారుస్తుంటే అర్థమైంది, ఈ పత్రంలో మేమెక్కడున్నామో. ఇంగ్లీషు వికీపీడియా కాలువ మొదట్లో ఉంది. మేం మా ఊళ్లాగే చివర ఉన్నాం.

తుది పాఠం వచ్చాక ఒక ఆదివారం ఆన్‌లైన్‌లో కలిశాం. ఏడుగురం. ఒక కుర్రాడు, చాలా బాగా రాస్తాడు, సూటిగా అడిగాడు: "ఇదంతా మనకెందుకండీ? వ్యాసాలు రాసుకుంటే సరిపోదా?"

ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోలేదు. మొన్నటిదాకా నాదీ అదే మాట. అతనికి చెప్పింది ఇదే. నువ్వు రాసే ఎడిటర్‌లో ఏ లోపం ముందు సరిచేయాలో ఒకరు నిర్ణయిస్తారు. అందరూ కూర్చుని ఒకేసారి వ్యాసాలు రాసే ఎడిటథాన్ పెట్టాలంటే గ్రాంటు ఇవ్వాలో వద్దో ఇంకొకరు నిర్ణయిస్తారు. ఎవరైనా నిన్ను వేధిస్తే ఏం చేయాలో ఒక నియమావళి చెబుతుంది. ఆ గదిలో తెలుగు చదివేవాళ్లు లేకపోతే మన ఇబ్బంది వాళ్లకు ఎలా తెలుస్తుంది? అతను వెంటనే ఒప్పుకోలేదు. చదివి చెబుతానన్నాడు. నాకు అదే నచ్చింది.

చార్టర్ అమల్లోకి రావాలంటే మూడు చోట్ల ఆమోదం కావాలి. వ్యక్తులుగా ఓటు వేసేవాళ్లు, అనుబంధ సంస్థలు, ఫౌండేషన్ బోర్డు. ముగ్గురిలో ఎవరు కాదన్నా ఆగిపోతుంది. మన దేశం మొత్తానికీ కలిపి ఉన్న అనుబంధ సంస్థ, దాన్ని చాప్టర్ అంటారు, 2019లోనే గుర్తింపు కోల్పోయింది. కరావళి వికీమీడియన్లు, పంజాబీ వికీమీడియన్లు లాంటి బృందాలు సంస్థలుగా ఓటు వేయగలవు. నా చేతిలో ఉన్నది మాత్రం నా ఒక్క ఓటే.

ఓటుకూ అర్హత ఉంది. అన్ని వికీల్లో కలిపి కనీసం 300 దిద్దుబాట్లు ఉండాలి, ఓటింగ్‌కి ముందటి ఒక ఆరు నెలల్లో 20 చేసి ఉండాలి. నాకు ఇబ్బంది లేదు. మాస్టారి లెక్క చూస్తే గుండె జారింది. వేల దిద్దుబాట్లు చేసిన మనిషి, కంటి ఆపరేషన్ వల్ల ఆ ఆరు నెలల్లో చేసినవి పన్నెండే. నాకు ఆ మాట నేర్పిన మనిషికి ఓటు లేదు. "నియమం నియమమేనమ్మా, నాకోసం మార్చమంటే ఎట్లా" అన్నారు. గొంతులో బాధ తెలుస్తూనే ఉంది.

ఓటింగ్ జూన్ 25న మొదలై జూలై 9 దాకా జరిగింది. ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ సమయం లెక్క కాబట్టి మనకు పదో తేదీ పొద్దున్నే 5:29కి ముగింపు. నేను చివరి రోజు దాకా ఆగలేదు. ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక చార్టర్ మొత్తం ఇంకోసారి చదివాను. సందేహాలు లేకపోలేదు. కౌన్సిల్‌కి ఎంత ఖర్చవుతుందో స్పష్టంగా లేదు. ఫౌండేషన్‌కీ దానికీ గీత ఎక్కడ గీస్తారో కొన్ని చోట్ల మసగ్గా ఉంది. అయినా చివరివాళ్లకు చోటిచ్చే ప్రయత్నం ఆ మాత్రం రాతపూర్వకంగా ఇంతకుముందు నేను చూడలేదు. అవును అని నొక్కి, కింద వ్యాఖ్యల పెట్టెలో నా సందేహాలు తెలుగులోనే రాశాను. ఓటు నమోదైందని చెప్పి, రసీదుగా అర్థం కాని అక్షరాల దిమ్మ ఒకటి ఇచ్చింది. దాన్ని కాపీ చేసి దాచుకున్నాను.

ఫలితాలు వచ్చాయి. లెక్కలోకి తీసుకున్న ఓట్లు 2,446. అవును 1,710, కాదు 623, తటస్థం 113. తటస్థం పక్కన పెడితే 73.30 శాతం ఆమోదం. అనుబంధ సంస్థల్లో 129 ఓటు వేస్తే 93 అవునన్నాయి. బోర్డు కాదంది. గ్లోబల్ కౌన్సిల్ ఆలోచన మంచిదే గానీ, ఈ రూపంలో ఖర్చు, సంక్లిష్టత ఎక్కువని, చిన్న చిన్న ప్రయోగాలుగా మొదలుపెడదామని చెప్పింది. చార్టర్ అక్కడితో ఆగింది.

రెండు రోజులు నాకు ఏమీ రాయబుద్ధి కాలేదు. బోర్డు చెప్పిన కారణాలు చదివితే కొన్ని నా వ్యాఖ్యలో నేను రాసినవే. చట్టం ముందు జవాబు చెప్పాల్సింది వాళ్లే కాబట్టి జాగ్రత్త పడటం అర్థమవుతుంది. అయినా వెయ్యిమందికి పైగా తేడాతో అవునన్న మాటను ముగ్గురిలో ఒకరు ఆపగలిగారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడలేదు. ఓటింగ్‌కి ముందే ఆ తేడాలు కూర్చుని తేల్చుకుని ఉండాల్సింది.

సెప్టెంబరులో బోర్డు ఎన్నికలు వచ్చాయి. నాలుగు సీట్లు, 12 మంది అభ్యర్థులు, మనకు నచ్చిన వరసలో ర్యాంకులు ఇవ్వాలి. ఈసారి అందరి వాంగ్మూలాలూ చదివాను. చిన్న భాషల గురించి ఎవరేం అన్నారో నోటుబుక్కులో రాసుకున్నాను. ఆదివారం కాల్‌లో ఆ కుర్రాడు తన నోట్సు కూడా తెచ్చాడు. మా ఇద్దరి మొదటి ర్యాంకు కలవలేదు, గంటసేపు వాదించుకున్నాం.

మాస్టారు ఆ రోజు కాల్‌లోకి రాలేదు. సాయంత్రం వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపారు. అదే అక్షరాల దిమ్మ, ఆయన ఓటు రసీదు. కింద ఒక్క లైను: "నీళ్లొచ్చాయమ్మా."