60వ నంబరు ఇల్లు

బుడాపెస్ట్‌లో 1896 నాటి మెట్రో లైన్ ఒకటి ఇంకా నడుస్తోంది, పెట్టెలు బొమ్మ రైలంత ఉంటాయి. అందులో వెళ్లి ఆంద్రాషి రోడ్డు మీద 60వ నంబరు ఇంటి దగ్గర దిగాను. అడ్రస్ ఎవర్నీ అడగక్కర్లేదు, చూరుకి నల్లరేకులో టెర్రర్ అని పెద్ద అక్షరాలు కోసి పెట్టారు.

1944లో హంగరీ నాజీల పార్టీ, ఏరో క్రాస్, ఆఫీసు ఇక్కడే. యుద్ధం అయ్యాక అదే ఇంట్లోకి కమ్యూనిస్టుల రహస్య పోలీసులు దిగారు. 2002 ఫిబ్రవరిలో, ఎన్నికలకి ఇంకో ఆరు వారాలుండగా, అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం దీన్ని మ్యూజియంగా తెరిచింది.

లోపలికి వెళ్లగానే ఒక సోవియట్ ట్యాంకు, దాని వెనక గోడ పొడుగునా చనిపోయినవాళ్ల ఫోటోలు. చివర్లో నేలమాళిగకి దింపే లిఫ్ట్ ఎంత నెమ్మదిగా దిగుతుందంటే, ఉరి ఎలా తీసేవాళ్లో ఒకాయన వీడియోలో చెప్పేది మొత్తం వినకుండా బయటపడలేం. కింద జైలు గదులు. నాకు ఒళ్లు జలదరించింది, కాదనను.

కానీ పైన మొదటి గది పేరే నాకు మింగుడు పడలేదు: 'రెండు ఆక్రమణలు'. ముందు జర్మన్లు, తర్వాత రష్యన్లు, అంతా బయటివాళ్లే చేశారన్నట్టు! 1944 మే నుంచి జూలై దాకా, ఎనిమిది వారాల్లో, దేశం నుంచి 4 లక్షల 30 వేల పైచిలుకు యూదుల్ని పంపించేశారు, చాలామందిని నాజీల మరణ శిబిరం ఆష్విట్జ్‌కే. వాళ్లని రైళ్లెక్కించింది హంగరీ పోలీసులు, అదీ ఏరో క్రాస్ గద్దెనెక్కకముందే. ఏరో క్రాస్‌కి రెండు మూడు గదులిచ్చి, మిగతా ఇల్లంతా కమ్యూనిస్టులకి రాసిచ్చిన ఈ మ్యూజియంలో ఆ సంగతి వెతుక్కోవాల్సిందే.

సాయంత్రం ఇమ్రె నజ్ విగ్రహం చూడ్డానికి వెళ్లాను. సోవియట్ పెత్తనం మీద 1956లో జరిగిన తిరుగుబాటు నాటి ప్రధాని, కమ్యూనిస్టే, 1958లో ఉరి తీశారు. చిన్న వంతెన మీద నిలబడి పార్లమెంటు వైపు చూస్తూ ఉండేవాడు. 2018 డిసెంబరులో తీసుకెళ్లి యాసాయి మారి స్క్వేర్‌లో పెట్టారు, పాత చోట 1919లో కమ్యూనిస్టు ప్రభుత్వం సాగించిన 'ఎర్ర హింస' బాధితుల స్మారకం వచ్చింది.

ఫోటో తీసి నాన్నకి పంపాను. విశాలాంధ్ర షాపులో కొన్న మాస్కో తెలుగు పుస్తకాలకి ఇప్పటికీ అట్టలేసి దాచుకునే మనిషి ఆయన. పది నిమిషాల తర్వాత మెసేజ్ వచ్చింది: "ఈయన్ని ఉరి తీసింది మనవాళ్లేరా."