నల్లరాయి మీద వెలుగు గీత

పొద్దున్నే బల్ల మీద తడిగుడ్డ పరిచి, నిన్న కోసి పెట్టుకున్న అబ్సిడియన్ పలకను దాని మీద పెట్టాను. ఆరు మిల్లీమీటర్ల మందం, అరచేతిలో సగం వెడల్పు. పైనుంచి చూస్తే కాటుకంత నలుపు. కిటికీకి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే మాత్రం, అంచు పలచబడిన చోట పొగరంగు వెలుతురు కనిపిస్తుంది. అలా చూసినప్పుడల్లా ఇది గాజు అని గుర్తొస్తుంది. సిలికా ఎక్కువగా ఉన్న చిక్కని లావా, లోపల స్ఫటికాలు పెరిగే వ్యవధి లేకుండా చల్లారిపోతే ఇలా గడ్డకడుతుంది. అగ్నిపర్వతం పోత పోసిన గాజు.

అక్కకు లోలకులు చేసిస్తానని మాటిచ్చి నెల దాటింది. రాత్రి ఫోను చేసి, "తొందరేమీ లేదు, కానీ రెండూ ఒకేలా ఉండాలి సుమా" అంది. ఉంగరం కావాలని ముందు అడిగింది. నేనే వద్దన్నాను. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు అంకెల్లో చెప్పే మోస్ కొలమానంలో అబ్సిడియన్ కాఠిన్యం 5 నుంచి 5.5 వరకే ఉంటుంది, ఇంట్లో పేరుకునే మామూలు దుమ్ములోని స్ఫటికశిల రేణువులది 7. వేలికి పెట్టుకుని రోజూ పనులు చేసుకుంటే ఏడాది తిరక్కుండానే మెరుగు మాసిపోతుంది. చెవికి వేలాడే రాయికి ఆ బాధ లేదు. బరువు కూడా తక్కువే.

అల్యూమినియం కడ్డీ కొసతో పలక మీద రెండు అండాకారాలు గీశాను, ఒక్కొక్కటి పొడవు 18, వెడల్పు 13 మిల్లీమీటర్లు. సిరా గుర్తయితే నీళ్లకు చెరిగిపోతుంది, అల్యూమినియం గీత వెండిలా నిలుస్తుంది. వజ్రపు పొడి అంచున్న రంపం మీద, నీటి ధార ఆగకుండా చూసుకుంటూ కోశాను. తరువాత సాన పట్టేటప్పుడు పట్టు దొరకడానికి రాళ్లను పుల్లలకు లక్కతో అంటించాలి. ఇక్కడ తొందరపడితే పని మొదటికే మోసం. చల్లటి రాయికి ఒక్కసారిగా వేడి లక్క తగిలితే లోపల పగులు పడుతుంది. అందుకే ముందు రెండు రాళ్లనూ దీపం పక్కన పెట్టి, చేతికి గోరువెచ్చగా తగిలే వరకు కూర్చున్నాను. ఊరికే కూర్చోవాల్సి వచ్చే ఆ కాసేపు నాకు చాలా ఇష్టం.

సానచక్రాల గరుకుకు నంబర్లుంటాయి, నంబరు పెరిగేకొద్దీ నునుపు. 80 నంబరు గరుకుతో మొదలుపెట్టడం చాలా రాళ్లకు పనికొస్తుంది, దీనికి కాదు. అంచులు పెళ్లలుగా లేచిపోతాయి. 220తోనే మొదలుపెట్టాను. మొదటి రాపిడికే నలుపంతా పోయి, రాయి బూడిద పూసినట్టు తెల్లబారింది. మొదటిసారి ఇలా చూసినప్పుడు రాయిని పాడుచేశానని భయపడ్డాను. 600 దగ్గరకు వచ్చేసరికి బూడిదరంగు ముదురుతుంది, 1200 దగ్గర తడి పలకలా అవుతుంది, 3000 దాటాక నలుపు మెల్లగా తిరిగి వస్తుంది. చివర్లో తోలు మీద సీరియం ఆక్సైడ్ అనే మెరుగుపొడి ముద్ద రాసి, తడి ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు రుద్దితే అద్దమవుతుంది.

నల్లరాయిని చూసి పని చేయడానికి వీల్లేదు. దానికి నీడలు ఉండవు, చారలు ఉండవు, చూపు ఆనడానికి ఏమీ ఉండదు. చూడాల్సింది దాని మీద పడిన వెలుగును. ట్యూబులైటు కింద పట్టుకుంటే, గుండ్రటి వీపు మీద సన్నటి తెల్లగీత ఒకటి కనిపిస్తుంది. రాయిని నెమ్మదిగా తిప్పుతుంటే ఆ గీత నీటిమీద జారినట్టు జారాలి. ఎక్కడైనా ఉలిక్కిపడిందంటే అక్కడ చదును మిగిలి ఉందన్నమాట. వేలితో తడిమితే తెలియని తప్పును ఆ గీత చెప్పేస్తుంది. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ గీతను నమ్మడమే.

ఇప్పటి టర్కీలోని చాతల్‌హూయుక్‌లో తవ్వకాలు జరిపినప్పుడు సుమారు 8000 ఏళ్ల నాటి అబ్సిడియన్ అద్దాలు దొరికాయి. వజ్రపు చక్రాలు లేవు, కరెంటు దీపం లేదు. రాయిని రాతితో అరగదీసి, మొహం కనబడేంత నునుపు తెచ్చారు. వాళ్లు కూడా పగటి వెలుతురులో రాయిని అటూ ఇటూ తిప్పి, వెలుగు ఎక్కడ వంకర పోతోందో చూసుకునే ఉంటారు. ఒకప్పుడు మెక్సికోను ఏలిన అజ్‌టెక్‌లయితే ఈ రాతి అద్దాన్ని తమ దేవుడి పేరులోనే పెట్టుకున్నారు. తెస్కాట్లిపోకా అంటే పొగలు చిమ్మే అద్దం. కిటికీకి అడ్డంగా పట్టినప్పుడు అంచులో కనిపించే ఆ రంగు తెలిసినవాళ్లకు ఆ పేరు వింతగా అనిపించదు.

మధ్యాహ్నానికి మొదటి రాయి పూర్తయింది. రెండోది 600 మీద ఉండగా చిన్న టిక్కుమన్న చప్పుడు వినిపించింది. గుండె జారిపోయింది. నీళ్లు తుడిచి భూతద్దంలో చూస్తే, నడుము అంచున అర మిల్లీమీటరు పెచ్చు లేచింది. లోపల ఆల్చిప్ప మీద ఉండే గీతల్లా ఒకదాని వెనుక ఒకటి వలయాలు. స్ఫటికాలు లేని పదార్థం కాబట్టి దెబ్బకు ఫలానా వైపే చీలాలని ఉండదు, అదురు పాకినంత మేరా ఇలా వంపుగా విరుగుతుంది. ఆదిమ మానవులు దీనితో కత్తులు, బాణపు మొనలు చేసుకోగలిగింది ఈ గుణం వల్లే. నా లోలకుకు గండి పడింది కూడా దీనివల్లే. చేత్తో తడమలేదు. ఆ పెచ్చు అంచు ఎంత సన్నగా ఉంటుందంటే, తెగిన సంగతి రక్తం కనబడ్డాక గానీ తెలియదు. కింద రాలిన ముక్కలను తడి కాగితంతో ఎత్తాను.

పెచ్చు పోవాలంటే రాయిని 17, 12 మిల్లీమీటర్లకు తగ్గించాలి. దానితో పాటు మొదటిదాన్నీ తగ్గించాలి. అద్దంలా మెరుస్తున్న రాయిని మళ్లీ 220 చక్రానికి ఆనించడానికి చెయ్యి రాలేదు. దాన్ని కాసేపు బల్ల మీద పెట్టి చూస్తూ ఉండిపోయాను. తరువాత తీసి ఆనించాను. మళ్లీ బూడిద, మళ్లీ తడి పలక రంగు, మళ్లీ నలుపు. ఈసారి రెండింటినీ జంటగా నడిపించాను, ప్రతి చక్రం మీదా ముందు ఇది, వెంటనే అది. మొదటినుంచీ చేయవలసింది అలాగే. ఒకదాన్ని పూర్తిచేసి రెండోదాన్ని దానికి సరిపోల్చాలని చూస్తే చెయ్యి బిగుసుకుపోతుంది.

రాత్రి తొమ్మిదికి రెండూ మెరుగు ఎక్కాయి. పుల్లల నుంచి విడదీసి, కడిగి, మెత్తటి గుడ్డ మీద పక్కపక్కన పెట్టాను. చక్రాలు కడిగాను, తువ్వాలు ఆరేశాను. లైటు ఆర్పబోతూ మరోసారి రెండింటినీ వేళ్ల మధ్య తిప్పి చూశాను. కుడిదాని మీద గీత హాయిగా జారింది. ఎడమదాని కొన దగ్గర మాత్రం ఇంకా కొద్దిగా వణుకుతోంది.

కుర్చీ మళ్లీ దగ్గరకు లాక్కున్నాను.