అది ఏం తింటుంది?

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఇవాళ నా చావుకి కారణం వాషింగ్ మెషీన్.

పొద్దున బట్టలు అందులో పడేసి, అయ్యేలోపు కాసేపు ఆడుకుందామని కూర్చున్నాను. ‘ఏలియన్: ఐసోలేషన్’. 2014 అక్టోబరులో వచ్చిన వీడియో గేమ్. ఏలియన్ అనే జంతువు వేటాడుతుంటే దాని కంటబడకుండా దాక్కుంటూ పోవాలి. కొని చాలా ఏళ్లయినా ధైర్యం చాలక పక్కన పెట్టేశాను, ఈ నెలలోనే ముట్టుకున్నాను. సెవాస్తొపోల్ అనే అంతరిక్ష కేంద్రంలో ఆసుపత్రి భాగం. లాకర్‌లో దూరి తలుపు వేసుకున్నాను. బయట అది తిరుగుతోంది. తలుపు చీలికల్లోంచి ముందు కాళ్లు కనిపించాయి, ఆ తర్వాత పొడవాటి తోక. హమ్మయ్య, వెళ్లిపోతోంది అనుకున్నాను. సరిగ్గా అప్పుడే మెషీన్ తన పని అయిపోయిందని పాట అందుకుంది. తోక ఆగింది.

ఈ ఆటలో అదొక సదుపాయం. కన్సోల్‌కి కెమెరా తగిలించి ఉంటే, దాని మైకులోంచి మన గదిలో చప్పుళ్లు కూడా ఆ జంతువు చెవిన పడతాయి. వద్దనుకుంటే ఆపేసుకోవచ్చు. మొన్న నేనే సరదా పడి ఆన్ చేశాను. లాకర్ తలుపు ఊడొచ్చింది. మిగతాది రాయక్కర్లేదు.

సోఫాలో పడుకుని ఫోన్ చూసుకుంటున్న మా అక్క కొడుకు పగలబడి నవ్వాడు. డిగ్రీ చదువుతున్నాడు, సెలవులకి వచ్చాడు. నవ్వడం అయ్యాక, “అది సరే మావయ్యా, ఇంతకీ అది ఏం తింటుంది?” అన్నాడు.

జవాబు చెబుదామని నోరు తెరిచి మళ్లీ మూసేశాను. ఇన్నాళ్లుగా దాని చేతిలో చస్తున్నాను గానీ ఈ ప్రశ్న ఒక్కసారీ తట్టలేదు. తోకతో పొడిచింది, పైన గొట్టంలోంచి చెయ్యి చాపి లాక్కుపోయింది, మొహంలో మొహం పెట్టి రెండో నోరు బయటికి తీసింది. తినడం మాత్రం చూడలేదు.

బట్టలు ఆరేస్తున్నంతసేపూ అదే ఆలోచన. దీని పుట్టుక చాలామందికి తెలిసిందే. 1979 నాటి ‘ఏలియన్’ సినిమాలోంచి వచ్చిన జంతువు, రూపం గీసింది స్విట్జర్లాండ్ చిత్రకారుడు గీగర్. తోలు సంచిలాంటి గుడ్డులోంచి ఎనిమిది వేళ్ల చెయ్యిలాంటి పురుగు ఎగిరి మొహానికి కరుచుకుంటుంది. గొంతులోకి గొట్టం దింపి పిండాన్ని లోపల పెడుతుంది. ఆ మనిషికి ఊపిరాడే ఏర్పాటు కూడా తనే చూసుకుంటుంది. పని కాగానే ఊడిపడి చస్తుంది. మనిషి లేచి కూర్చుని, నాకేం బాగానే ఉన్నానంటాడు. కాసేపటికి రొమ్ము చీల్చుకుని పిల్ల బయటికొస్తుంది. మోచేయంత కూడా ఉండని ఆ పిల్ల, కొన్ని గంటలు తిరిగేసరికి మనిషిని మించిన ఎత్తు. మావాడి ప్రశ్న సరిగ్గా ఇక్కడ గుచ్చుకుంది. గాలి మేసి ఏ ప్రాణీ అంత పెరగదు. గొంగళిపురుగైనా రోజంతా ఆకు నమిలితేనే కదా లావెక్కేది. ఆ లెక్క సినిమా చెప్పలేదు, ఆటా చెప్పలేదు.

దండెం పక్కన కిటికీ చట్రం మూల, మట్టితో గూడు కట్టే కందిరీగ ఒకటి కాపురం పెట్టింది. దులిపేద్దామని నాలుగు రోజులుగా అనుకోవడమే. ఇవాళ అది ఒక సాలీడుని మోసుకొచ్చి గూట్లో కుక్కుతుంటే, తడి చొక్కా భుజాన వేసుకుని అలా నిలబడి చూశాను. ఆ సాలీడు చచ్చిపోలేదు. కందిరీగ దాన్ని కుట్టి కదలకుండా మాత్రమే చేస్తుంది. చస్తే కుళ్లిపోతుంది, బతికుంటే పిల్లకి తాజాగా ఉంటుంది. సాలీళ్లతో గూడు నింపి, గుడ్డు పెట్టి, మట్టితో మూత వేసి వెళ్లిపోతుంది. పిల్ల బయటికొచ్చి ఒక్కొక్కటే తింటుంది.

భ్రమర కీటక న్యాయం అంటే ఇదే కదా! తుమ్మెద (నిజానికి ఇలాంటి కందిరీగే) ఒక పురుగుని తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝంకారం చేస్తుంటే, భయంతో దాన్నే తలుచుకుని తలుచుకుని ఆ పురుగు కూడా తుమ్మెద అయిపోతుందని చెబుతారు. గూట్లో పెట్టింది పురుగుని, గూడు పగలగొట్టుకుని వచ్చింది తుమ్మెద. మధ్యలో జరిగింది ఎవరూ చూడలేదు కాబట్టి ధ్యానం అనుకున్నారు. పాపం ఆ పురుగు తుమ్మెద కాలేదు, తుమ్మెద పిల్లకి భోజనమైంది. తమాషా ఏమిటంటే ఏలియన్ విషయంలో ఈ న్యాయం తిరగబడుతుంది. ఏ ఒంట్లో పెరిగితే ఆ ఒంటి పోలిక కొంత దానికి వస్తుంది. నాలుగు కాళ్ల జంతువులో పెరిగితే నాలుగు కాళ్ల మీదే పరిగెడుతుంది. ఇక్కడ తుమ్మెదే పురుగుని ధ్యానం చేసిందన్నమాట.

నిజానికి దీనికి దగ్గరి చుట్టాలు గూళ్లు కట్టే రకం కాదు, గుడ్లని తిన్నగా పురుగు ఒంట్లోకే దించేసే కందిరీగలు. వాటిలో కొన్ని గుడ్డుతో పాటు ఒక వైరస్‌ని కూడా ఎక్కిస్తాయి. లోపల పెరుగుతున్నది పరాయిదని గొంగళిపురుగు ఒళ్లు పసిగట్టి ఎదురు తిరగకుండా ఆ వైరస్ చూసుకుంటుంది. పురుగు మామూలుగా తింటూ తిరుగుతూనే ఉంటుంది, లోపల పిల్లలు పెరుగుతుంటాయి. క్యాబేజీ మీద వాలే తెల్ల సీతాకోకచిలుక గొంగళిపురుగులకి ఈ గతి పడుతుంది. పిల్లలు చర్మం తొలుచుకుని బయటికొచ్చి గూళ్లు అల్లుకుంటే, సగం చచ్చిన ఆ పురుగు వాటి మీదే పడుకుని కాపలా కాస్తుంది కూడా. దీని ముందు సినిమా వాళ్ల ఊహ మర్యాదస్తురాలే.

ఆ లోపలి నోరూ పూర్తిగా కల్పన కాదు. మోరే ఈల్ అని పాములాంటి సముద్రపు చేప ఉంది. దాని గొంతులో ఇంకో దవడల జత ఉంటుంది. ముందు పళ్లతో పట్టుకున్నదాన్ని ఆ వెనక దవడలు ముందుకొచ్చి కరిచి లోపలికి ఈడ్చుకుపోతాయి. అది అలా పనిచేస్తుందని శాస్త్రవేత్తలు చూపించింది 2007లో, అంటే సినిమా వచ్చిన 28 ఏళ్లకి. అయితే ఆ చేపకి రెండో నోరు మింగడానికి. మన జంతువుకి ఊరికే పుర్రెలు పగలగొట్టడానికి.

మధ్యాహ్నం కాసేపు నిద్రపోదామంటే పిల్లి పడనివ్వలేదు. అటక కింద బల్లిని చూసి గురి పెట్టింది. బల్లి చెక్క వెనక దూరింది. పిల్లి చాలాసేపు కదల్లేదు. తర్వాత ఏదో పని ఉన్నట్టు పక్క గదిలోకి వెళ్లి, రెండు నిమిషాలకి చప్పుడు లేకుండా తిరిగొచ్చి అక్కడే కూర్చుంది. ఐసోలేషన్‌లో ఏలియన్ కూడా అచ్చం ఇంతే. వెళ్లిపోయిందని లాకర్ దిగుతామా, గుమ్మం దగ్గర వెనక్కి తిరుగుతుంది. ఈ నెలలో నా చావుల్లో సగం అలా వచ్చినవే. కాకపోతే పిల్లికి విసుగు పుడుతుంది. కాసేపటికి బల్లిని మర్చిపోయి చాప మీద వెల్లకిలా పడుకుంది. ఏలియన్‌కి ఆకలీ లేదు, విసుగూ లేదు.

మరి అప్పుడప్పుడూ మనల్ని వదిలేసి గొట్టాల్లోకి ఎందుకు వెళ్లిపోతుంది? దీని గురించి సాయంత్రం మావాడికి ఓ గంటసేపు చెప్పాను. ఈ ఆటలో నాకు బాగా నచ్చింది అదే.

దానికి రెండు బుర్రలు, రెండూ ఆట ప్రోగ్రాములో భాగాలే. ఒకటి దాని తలలో ఉంది, రెండోది తెర వెనక ఉంది. తెర వెనక సూత్రధారికి నేనెక్కడున్నానో ఎప్పుడూ తెలుసు, అదెక్కడుందో కూడా తెలుసు. కానీ ఉన్నది ఉన్నట్టు దానికి చెప్పడు. “ఆ పక్కకి వెళ్లి చూడు” అని ఉజ్జాయింపుగా తోస్తాడంతే. అక్కణ్ణుంచి దాని పాట్లు దానివి. కళ్లతో చూడాలి (కళ్లెక్కడున్నాయని అడక్కూడదు, గీగర్ కావాలనే పెట్టలేదు), చెవులతో వినాలి, బల్లల కింద వెతకాలి. ఇంకోపక్క సూత్రధారి నా భయాన్ని కొలుస్తుంటాడు. అది నా దగ్గర్లో ఎంతసేపుంది, ఎంతసేపు నా కంటబడింది అని లెక్కేసి, హద్దు దాటిందనిపిస్తే దాన్ని గొట్టాల్లోకి వెనక్కి పిలిచేస్తాడు. నా ఊపిరి కుదుటపడనిచ్చి మళ్లీ వదులుతాడు. వేటాడే జంతువు వెనక, వేట మీద జాలిపడేవాడు ఒకడున్నాడన్నమాట. అడవిలో ఏ లేడికీ ఆ భాగ్యం లేదు.

“అంటే మోసం చెయ్యదా?” అన్నాడు మావాడు. చెయ్యదు. అందుకే అంత భయం. నేనెక్కడున్నానో తెలిసిపోయే రాక్షసుడైతే రెండు రోజులు తిట్టుకుని ఆట మానేసేవాణ్ణి. దీనికి నేనెక్కడున్నానో తెలియదు. తెలియక వెతుకుతోంది. అందుకని దగ్గర్లో కదలికల్ని చూపించే మోషన్ ట్రాకర్ ఎత్తి చూసుకోవాలన్నా భయమే, అది దగ్గర్లో ఉంటే ఆ బీప్ వినేస్తుంది. మంటలు చిమ్మే ఫ్లేమ్‌త్రోవర్ చూపిస్తే మొదట్లో పారిపోయింది. పదే పదే చూపిస్తే, మంట అందనంత దూరంలో ఆగి కనిపెట్టుకుని ఉండటం మొదలుపెట్టింది. నేర్చుకుంటున్నట్టే అనిపిస్తుంది. నిజానికి అదేం నేర్చుకోదు. దాని బుర్రలో వందకి పైగా చిన్న చిన్న పనుల చెట్టు ఒకటుంది. అందులో కొన్ని కొమ్మలకి మొదట్లో తాళం. మన ఆటతీరుని బట్టి ఒక్కొక్కటే తెరుచుకుంటాయి.

ఇదంతా తేలికని కాదు. ఇదే జంతువు పేరుతో 2013లో వచ్చిన ఇంకో ఆటలో ఏలియన్లు దద్దమ్మల్లా గోడలకి గుద్దుకునేవి. ఏళ్ల తర్వాత ఒక ఆటగాడు ఫైళ్లు తిరగేస్తే, ‘టెథర్’ అనే మాటలో ఒక అక్షరం ఎక్కువ పడిందని తేలింది. ఆ సంగతి 2018లో అందరికీ తెలిసింది. ఆ అక్షరం కొట్టేస్తే ఏలియన్లకి కొంచెం బుద్ధి వచ్చిందట. అచ్చుతప్పు వల్ల రాక్షసులు వెర్రివాళ్లవడం నాకు ఎందుకో తెగ నచ్చింది.

ఒక్కటి మాత్రం మింగుడు పడటం లేదు. ఇది ఆండ్రాయిడ్ల (ఆ కేంద్రంలో తిరిగే మనిషి ఆకారపు రోబోలు) జోలికి పోదు. వాళ్లు నడుస్తున్నా మాట్లాడుతున్నా పట్టించుకోదు. అంటే ఇది వెతికేది తిండి కోసం కాదు, గుడ్డు పెంచుకోవడానికి ఒళ్లు కోసం అనుకోవాలి. ఆట చివర్లో రియాక్టర్ దగ్గర గూడుంది, గుడ్లున్నాయి అని మావాడు ముందే చెప్పేసి నా ఆట చెడగొట్టాడు కూడా. సరే, అలాగైతే నన్ను ప్రాణాలతో మోసుకెళ్లాలి గదా? కిటికీలో కందిరీగ సాలీడుని చావకుండా ఎంత జాగ్రత్తగా కుడుతుందో! ఇది మాత్రం దొరికినవాణ్ణి దొరికినట్టు పొడిచేసి, అక్కడే వదిలేసి పోతుంది. వేటాడే జంతువైతే తినాలి, పరాన్నజీవి అయితే దాచుకోవాలి. రెండూ కాదు. కందిరీగ పాటి సంసారం తెలియదు దీనికి.

రాత్రి భోజనాల దగ్గర మావాడు మళ్లీ మొదటికొచ్చాడు. “గంటసేపు చెప్పావు గానీ, అది ఏం తింటుందో చెప్పలేదు.”

అప్పుడు గుర్తొచ్చింది. 1999లో ‘ఏలియన్స్ వర్సెస్ ప్రెడేటర్’ అని కంప్యూటర్ ఆట ఒకటొచ్చింది. అందులో మనమే ఏలియన్‌గా గోడల మీదా పైకప్పు మీదా పాకుతూ ఆడొచ్చు. దెబ్బలు తగిలి ప్రాణం తగ్గితే మందులుండవు. దగ్గరికెళ్లి శత్రువు తల కొరకాలి, పోయిన ప్రాణం తిరిగొస్తుంది. మొత్తానికి జవాబు దొరికిందన్న సంబరంలో, “తల తింటుందిరా!” అన్నాను.

“పొద్దుట్నించీ నువ్వు చేస్తున్న పనే కదా మావయ్యా,” అన్నాడు.

వాడు పడుకున్నాక ఒక్కసారి ఆడదామని కూర్చున్నాను. కెమెరా వైరు పీకేద్దామని చెయ్యి పెట్టి, మళ్లీ వదిలేశాను. అదే ఆసుపత్రి, అదే లాకర్. బయట అది తిరుగుతోంది. పిల్లి వచ్చి ఒళ్లో కూర్చుని గురక మొదలుపెట్టింది. దాని మెడ మీద చెయ్యి వేసి, ఊపిరి బిగబట్టి, సేవ్ పాయింట్ దాకా ఎలాగోలా పాకాను.