నల్ల డబ్బా తీసేశాను

ఆదివారం, రాత్రి పదిన్నర.

గోళ్ళలో నలుపు ఇంకా పోలేదు. కొబ్బరి నూనె రాసి, పంచదార వేసి రుద్ది, సర్ఫుతో కడిగాను. అయినా ఉంది. రాత్రి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ నా చేతి వంక ఒకసారి చూసి, ఏమీ అనకుండా చెంచా తెచ్చి కంచం పక్కన పెట్టింది.

ఇదంతా మూడు వారాల కిందట మొదలైంది. విశాఖలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర బండి కదిలించినప్పుడల్లా బానెట్ కింద ‘స్స్’మని సన్నటి చప్పుడు. మాది పదకొండేళ్ళ డీజిల్ కారు, 1248 సీసీ ఇంజిన్, లోపలికి గాలిని నొక్కి పంపే టర్బో ఉంది. ఆ వయసు బండికి ఏదో ఒక చప్పుడు ఉంటుందిలే అని నాలుగు రోజులు పట్టించుకోలేదు. ఐదో రోజు బానెట్ ఎత్తి టార్చి వేసి చూస్తే, ఎయిర్ ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉండే నల్ల ప్లాస్టిక్ డబ్బా అతుకు దగ్గర వేలెడు పొడుగున విచ్చుకుని ఉంది.

ఆ డబ్బా ఎందుకుంటుందో అప్పటిదాకా నాకు తెలీదు. సైలెన్సర్ అంటే వెనక పొగ వచ్చే చోట ఉండేదే అనుకుంటాం. గాలి పీల్చుకునే వైపు కూడా ఒకటి ఉంటుంది. టర్బోలో గాలిని నొక్కే చిన్న చక్రం, అరచేతిలో ఇమిడిపోయేంతది, లోడ్ మీద నిమిషానికి లక్షన్నర చుట్ల దాకా తిరుగుతుంది. అంటే సెకనుకి 2,500. అంత వేగంతో తిరిగేది నోరు మూసుకుని ఉండదు కదా, కీచుమంటుంది. ఆ కీచు గాలికి ఎదురుగా పైపులోంచి ఫిల్టర్ దాకా వచ్చి బయట పడుతుంది. దాన్ని దారిలో మింగేయడానికే ఈ డబ్బా. లోపల మందూ మాకూ ఏమీ లేదు, ఖాళీ గదులే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక్క స్వరమే ఎలా పలుకుతుందో, ఈ గదులు కూడా తమ కొలతకి సరిపోయిన స్వరాన్ని అలా పట్టుకుని అణిచేస్తాయి. సీసా పలుకుతుంది, ఇది మింగుతుంది, అంతే తేడా.

విచ్చుకున్న డబ్బాతో తిరగడం మంచిది కాదు. అది ఫిల్టర్ తర్వాత ఉంది కాబట్టి, ఆ పగులులోంచి వెళ్ళే గాలిని వడకట్టేది ఏదీ లేదు. హైవే దుమ్మంతా సరాసరి టర్బోలోకే. టేపు చుట్టి షోరూముకి ఫోన్ చేస్తే డబ్బా ఒక్కటే అయితే ఇవ్వం అన్నారు, హోసుతో కలిపి సెట్టు కొనాలట, ఆర్డర్ పెడితే మూడు వారాలట. ధర విని ఫోన్ పెట్టేశాను.

ఇక్కడ ఒక నిజం రాసుకోవాలి, డైరీలో కూడా అబద్ధం ఎందుకు. డబ్బా పగలడం ఒక సాకు. డబ్బా తీసేసి దాని బదులు పైపు వేస్తే బండి ఇంకాస్త పరిగెడుతుందేమో అనే ఆశ నాకు అంతకుముందే ఉంది.

మొదట చవక ఆలోచనలే వచ్చాయి. సింకు కింద వేసే ముడతల గొట్టం పెడితే? దాని గతి ఏమవుతుందో కొబ్బరి బొండం తాగుతుంటే అర్థమైంది. గట్టిగా పీలిస్తే స్ట్రా నడుము నొక్కుకుపోతుంది కదా, టర్బో ముందు ఉండే గొట్టానిదీ అదే పరిస్థితి. టర్బో తర్వాతి గొట్టం లోపలి ఒత్తిడికి ఉబ్బాలని చూస్తుంది, ముందుది చప్పబడిపోవాలని చూస్తుంది. పలచటి గొట్టం పనికిరాదు. పోనీ నీళ్ళ పీవీసీ పైపు? అది 80 డిగ్రీలకే మెత్తబడుతుంది, పక్కనే ఎర్రగా కాలే ఎగ్జాస్టు. అదీ కాదు. కానీ కొలతకి పీవీసీని మించింది లేదు. ఒక ముక్క, రెండు 45 డిగ్రీల బెండ్లు తెచ్చి, కోసి, తిప్పి, మార్కర్‌తో గీతలు పెట్టి, బ్యాటరీకీ ఫిల్టర్ డబ్బాకీ తగలకుండా వంపు కుదిరేదాకా మూడు సాయంత్రాలు పార్కింగ్‌లో గడిపాను. వాచ్‌మన్ పాపం రెండుసార్లు వచ్చి, మోటారు పైపు రిపేరా అని అడిగాడు.

నిన్న ఆ పీవీసీ బొమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆటోనగర్ వెళ్ళాను. ఎంవీపీ నుంచి గాజువాక వైపు, మే నెల, ఏసీ వేస్తే బండి లాగడం లేదు, వెయ్యకపోతే ఉక్కపోత. ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేసరికే చొక్కా వీపుకి అంటుకుపోయింది.

వెల్డింగ్ చేసే ఆయనకి అరవై దాటి ఉంటాయి. గేట్లు, బాల్కనీ రెయిలింగులు చేసే షాపు. పీవీసీ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసి అడిగాడు.

“దీన్లోంచి ఏటి పోద్ది బావూ? నీళ్ళా?”

“గాలండీ.”

“గాలికి ఇన్ని వంకర్లేటి?”

బానెట్ ఎత్తి చూపించాను. ఒంగుని చూశాడు. ఇంకేమీ అడగలేదు. స్టీలు 202 వెయ్యనా, 304 వెయ్యనా అన్నాడు. 304 అన్నాను, ఆలోచించకుండానే. మా బాల్కనీ రెయిలింగు 202. సముద్రపు గాలికి రెండేళ్ళలోనే గోధుమ రంగు చుక్కలు పడ్డాయి. ఆ తుప్పు పొలుసులు గాలితో పాటు టర్బోలోకి వెళ్తే ఇంక చెప్పేదేముంది.

ఆర్గాన్ వెల్డింగ్ చూస్తూ కూర్చోవడం నాకు ఇష్టం. చప్పుడు ఉండదు, రవ్వలు పెద్దగా ఎగరవు, నాణేలు పేర్చినట్టు వరసగా అతుకు పడుతుంది. రెండు అంగుళాల పైపు, మూడు ముక్కలు. ఇంజిన్ లోపలి ఆవిరి తిరిగి గాలి దారిలోకి వచ్చే చిన్న గొట్టం ఒకటుంటుంది, దానికోసం పక్కన ఒక ముక్కు కూడా అతికించమన్నాను. చాలామంది సొంతంగా చేసేటప్పుడు దీన్ని మరిచిపోతారు, లేదా బోల్టు పెట్టి మూసేస్తారు. మూస్తే ఇంజిన్‌లో ఒత్తిడి పెరిగి సీళ్ళలోంచి ఆయిల్ కారుతుంది. పైపు రెండు కొసలా బయటివైపు చిన్న గట్టు కూడా పెట్టించాను, హోసు జారిపోకుండా.

ఆయన పని అయిపోయిందన్నాడు. నాకు అవలేదు. అతుకు లోపలివైపు వేలితో తడిమితే ఒకచోట గరుగ్గా తగిలింది. ఆ గరుకులోంచి బియ్యపు నూకంత ముక్క ఊడినా చాలు, లక్షన్నర చుట్లు తిరిగే అల్యూమినియం రెక్కలు విరిగిపోతాయి. లోపల సానపట్టమంటే ఆయన ముఖం కొంచెం మాడింది. పట్టాడు. కిరోసిన్‌తో కడిగి, సబ్బు నీళ్ళతో కడిగి, కంప్రెసర్ గాలి కొట్టి, తాడుకి పాత బనీను కట్టి ఇటునుంచి అటు నాలుగుసార్లు లాగాను. నాలుగోసారి బనీను తెల్లగా వచ్చింది. “కన్నం సెవిలో గుబిలి తీసినట్టు తీసేత్తన్నావు బావూ” అని నవ్వాడు. ఎనిమిది వందలు తీసుకున్నాడు.

ఇవాళ పొద్దున్నే ఆరింటికి పార్కింగ్‌లో మొదలుపెట్టాను. నల్ల డబ్బా ఊడదీస్తే అడుగున ఆయిల్ జిగురు. భయపడక్కర్లేదు, ఆ చిన్న గొట్టంలోంచి వచ్చే ఆవిరి పేరుకున్నదే. టర్బో మూతిలో వేలు పెట్టి ఇరుసు కదిపి చూశాను. పక్కలకి అతి కొంచెం కదిలింది, ముందుకీ వెనక్కీ కదల్లేదు. అలాగే ఉండాలి. రెండు కొసలా మందపాటి సిలికాన్ హోసు ముక్కలు తొడిగి, స్క్రూతో బిగిసే జూబ్లీ క్లిప్పులు బిగించాను. ఫిల్టర్‌ని ముట్టుకోలేదు. గాలిని కొలిచే సెన్సర్ ఫిల్టర్ పక్కనే ఉంది, దాన్నీ ముట్టుకోలేదు. దాని తర్వాత ఎక్కడ లీకున్నా ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ లెక్క తప్పుతుంది కాబట్టి, అతుకుల చుట్టూ సబ్బు నురగ పెట్టి, అవతలి కొస చేత్తో మూసి నోటితో ఊది మరీ చూసుకున్నాను. బుడగలు రాలేదు.

స్టార్ట్ చేశాను. ఏమీ లేదు. మామూలు డీజిల్ చప్పుడే. కాస్త నిరాశగా యాక్సిలరేటర్ తొక్కాను.

‘కుయ్‌ఁ’మంది.

మూడో అంతస్తు అంకుల్ బాల్కనీలోంచి తొంగి చూసి, లుంగీ ఎగ్గట్టుకుని కిందికే దిగి వచ్చారు. నేవల్ డాక్‌యార్డులో ముప్పై ఏళ్ళు ఇంజిన్ల మధ్య పనిచేసి రిటైరైన మనిషి. ఎడమ చెవి సరిగ్గా వినపడదు, కుడి చెవి ఇటు తిప్పి మాట్లాడతారు. పైపు చూశారు, వెల్డింగ్ చూశారు, బాగుందన్నారు. తర్వాత పక్కన నేల మీదున్న నల్ల డబ్బా తీసి చేత్తో పట్టుకున్నారు.

“ఓడ ఇంజిన్ టర్బోకి ఇదెంత ఉంటుందో తెలుసా? డ్రమ్మంత. గాలి లాగే మూతి మీదే బిగిస్తారు. అది పెట్టినా సరే, చెవులకి మఫ్స్ లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఆ చప్పుడు తగ్గించడానికి మేం అన్ని తంటాలు పడితే, నువ్వు డబ్బులిచ్చి మరీ తెచ్చుకున్నావేంటి బాబూ?”

“పికప్ పెరుగుతుందేమోనని అంకుల్.”

“డీజిల్ ఎక్కువ పోశావా?”

పొయ్యలేదు. ఆయన అడిగింది అదే. పెట్రోల్ ఇంజిన్‌లా కాదు ఇది, డీజిల్‌కి గాలి ఎప్పుడూ కావలసినదానికన్నా ఎక్కువే వెళ్తుంది. బలం ఎంత రావాలన్నది పడే డీజిల్‌ని బట్టి ఉంటుంది, అది ఎంత పడాలో కంప్యూటర్ ముందే రాసి పెట్టుకుంది. దారిలో అడ్డు కొంచెం తగ్గితే టర్బో కొంచెం సుఖపడుతుందేమో గానీ, కంప్యూటర్ తన లెక్క మార్చుకోదు. ఇది నాకూ తెలుసు. తెలిసి కూడా చేశాను.

అయినా కొలవాలి కదా. శుక్రవారం పొద్దున టేపు చుట్టిన డబ్బాతో రుషికొండ దాటాక భీమిలి వైపు, రోడ్డు ఖాళీగా ఉన్నచోట, మూడో గేరులో 40 నుంచి 80కి ఎంతసేపు పడుతుందో ఫోన్లో చూసుకున్నాను. 7.9, 8.2, 8.0 సెకన్లు. ఇవాళ అదే చోట 8.0, 7.8, 8.1. సగటున 0.07 సెకన్ల తేడా. నా బొటనవేలు స్టాప్‌వాచ్ నొక్కడంలో చేసే తప్పు అంతకన్నా ఎక్కువుంటుంది.

కానీ ఒట్టు, లోపల కూర్చుంటే అలా అనిపించలేదు. రెండువేల ఆర్‌పీఎం దగ్గర ఆ కూత లేచి పైకి పోతుంటే బండి ఎగిరిపోతున్నట్టే ఉంది. ఎడమ పక్కన సముద్రం వెనక్కి వెళ్ళిపోతోంది, కాదు, ఎడమ పక్కన కొండ, వెళ్ళేటప్పుడు సముద్రం కుడివైపు. చూశావా, అంత మైమరిచిపోయాను. ఫోన్ చూసుకున్నాకే దిగాను నేల మీదికి.

సాయంత్రం మా ఆవిడని రైతుబజార్‌కి తీసుకెళ్ళాను. చెప్పలేదు ఏమీ. హనుమంతవాక వైపు ఎత్తు ఎక్కుతుంటే తొక్కాను. తను బెండకాయల లిస్టు ఆపి చెవి రిక్కించింది.

“కారులో కుక్కరేమైనా పెట్టారా?”

“టర్బో.”

“ఊఁ.” కాస్త దూరం వెళ్ళాక గేరు మార్చి మళ్ళీ తొక్కాను. ఇంకొంచెం వెళ్ళాక మళ్ళీ. “మూడు విజిల్స్ వచ్చాయి. ఇంక స్టవ్ ఆపెయ్యండి” అంది.

నల్ల డబ్బాని పారేయలేదు. అతుకుకి జిగురు పెట్టి చుట్టూ తాడు బిగించి, అటక మీద చింతపండు జాడీ పక్కన ఆరబెట్టాను. కుదిరితే మళ్ళీ బిగించొచ్చు, రోజూ ఆఫీసుకి ఆ కూత అక్కర్లేదు. కుదరకపోతే ఆ సెట్టే ఆర్డర్ పెట్టాలి. ఇంకా తేల్చుకోలేదు.

సిలికాన్ హోసు వేడెక్కి చల్లారాక క్లిప్పులు కొంచెం వదులవుతాయి. రేపు ఆఫీసుకి బయల్దేరే ముందు, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే, నాలుగూ మరోసారి బిగించాలి. స్క్రూడ్రైవర్ డాష్‌బోర్డులో పెట్టాను.