హిట్లు ఆగిపోయాక ఎవర్లీ బ్రదర్స్

జంటగా పాడిన అమెరికన్ అన్నదమ్ములు ఎవర్లీ బ్రదర్స్ పేరు తెలిసినవాళ్లలో చాలామందికి వాళ్ల కథ 1962తో ముగిసిపోతుంది. మా అన్నయ్యకైతే 1960తోనే. "క్యాథీస్ క్లౌన్ పాట తర్వాత వాళ్ల దగ్గర ఏముందిరా?" అంటాడు. నేను ఎక్కువగా వినేది మాత్రం ఆ తర్వాతి రికార్డులే. మరీ ముఖ్యంగా 1964 నుంచి 1973 దాకా చేసినవి. అమెరికాలో వాళ్ల రికార్డులు పెద్దగా అమ్ముడుపోని కాలం అది.

నా చెవి ఎలాంటిదో ముందే చెప్పాలి. కుర్రతనంలో చర్చి క్వయర్‌లో టెనర్ పాడేవాణ్ణి. అసలు పాటను వేరేవాళ్లు పాడుతుంటే దాని పక్కనే ఇంకో దారిలో నడవడం నా పని. అందుకే ఏ పాట విన్నా నా చెవి ముందు రెండో గొంతు దగ్గరికే పోతుంది. మన సంగీతంలో ఇద్దరు కలిసి పాడితే ఇద్దరిదీ ఒకే స్వరం. వీళ్లది అలా కాదు. అన్న డాన్ షడ్జం దగ్గరుంటే తమ్ముడు ఫిల్ గాంధారం మీద ఉంటాడు. డాన్ కదిలితే ఫిల్ కూడా కదులుతాడు, మధ్యలో ఒక స్వరం ఖాళీ అలాగే ఉంచుకుని. ఇంకా విశేషం ఏమిటంటే ఫిల్ భాగాన్ని విడిగా పాడినా అది ఒక పాటలాగే నిలబడుతుంది. మా టెనర్ భాగాలు విడిగా పాడితే ఏ పాటో కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఈ విద్య వాళ్లకు ఇంట్లోనే వచ్చింది. తండ్రి ఐక్ ఎవర్లీ కెంటకీ బొగ్గు గనుల ప్రాంతం నుంచి వచ్చిన గిటార్ వాద్యకారుడు. అయోవా రాష్ట్రంలోని షెనన్‌డోవా అనే చిన్న ఊళ్లో, రేడియోలో కుటుంబమంతా కలిసి పాడేవారు. మైకు ముందు పెరిగిన పిల్లలు కాబట్టి 1957లో బై బై లవ్‌తో పైకి వచ్చేసరికి వాళ్లకు ఇరవై, పద్దెనిమిదేళ్లే అయినా పాటలో పచ్చిదనం కనిపించదు.

సరే, హిట్లు ఎందుకు ఆగాయి? ఎవరిని అడిగినా బీటిల్స్ అంటారు. తారీఖులు చూస్తే అది పూర్తిగా కుదరదు. అమెరికాలో ఎవర్లీల చివరి టాప్ టెన్ పాట దట్స్ ఓల్డ్ ఫ్యాషన్డ్, 1962లో వచ్చింది. (పేరు చూడండి, "అది పాత పద్ధతి" అట!) బీటిల్స్ అమెరికాలో దిగింది 1964 ఫిబ్రవరిలో. మధ్యలో దాదాపు రెండేళ్లున్నాయి.

అసలు దెబ్బ పాటల సరఫరా మీద పడింది. తొలి హిట్లలో ఎక్కువ భాగం రాసింది ఫెలీస్, బూడ్లో బ్రయంట్ అనే భార్యాభర్తలు. వాళ్ల పాటల హక్కులు అకఫ్-రోజ్ అనే ప్రచురణ సంస్థవి. ఆ సంస్థను నడిపే వెస్లీ రోజ్ ఈ అన్నదమ్ములకు మేనేజరు కూడా. 1961లో వీళ్లు టెంప్టేషన్ అనే పాత పాటను రికార్డు చేస్తామన్నారు. అది ఆయన సంస్థ పాట కాదు, ఆయన వద్దన్నాడు. వీళ్లు వినలేదు, తెగదెంపులైపోయాయి. దాంతో బ్రయంట్‌ల కొత్త పాటలు అందకుండా పోయాయి. అంతకంటే ఘోరం, పాటల రచయితలుగా వీళ్లిద్దరూ అదే సంస్థకు ఒప్పందం రాసి ఉండటంతో తాము రాసుకున్న పాటలు తామే పాడుకునే వీలు కూడా లేకపోయింది. 1964లో రాజీ కుదిరేదాకా అంతే. క్యాథీస్ క్లౌన్ లాంటి పాటను సొంతంగా రాసుకుని అమెరికాలో ఐదు వారాలు నంబర్ వన్‌లో నిలబెట్టినవాళ్ల గతి ఇది.

ఆ సమయంలోనే మెరైన్ కోర్ రిజర్వులో చేరి ఆరు నెలలు సైన్యంలో గడిపారు. ఉత్తేజక మందుల అలవాటు వేరే. 1962లో ఇంగ్లండ్ పర్యటనకు వెళ్లి డాన్ కుప్పకూలిపోతే ఫిల్ ఒక్కడే వేదికలెక్కి ఆ పర్యటన పూర్తి చేశాడు. రెండు గొంతుల పాటలను ఒక్కడే పాడుకుంటూ ఊరూరా తిరగడం ఎలా ఉండి ఉంటుందో! పక్కన అసలు పాట పాడేవాడు లేకుండా ఒక్క చరణం పాడాల్సి వచ్చినా నాకు చేతులు వణికేవి.

1964లో గాన్ గాన్ గాన్ వచ్చింది. గిటార్లు గట్టిగా, డ్రమ్ములు ఇంకా గట్టిగా. ఇద్దరూ కలిసి రాసుకున్నదే. అమెరికాలో 31వ స్థానం దాటలేదు. దాన్నే 2007లో రాబర్ట్ ప్లాంట్, అలిసన్ క్రాస్ పాడితే గ్రామీ వచ్చింది. 1965లో ప్రైస్ ఆఫ్ లవ్. ఇది రెండు నిమిషాల పాట. హార్మోనికా ఒక పక్క నుంచి గీరుతూ ఉంటుంది, గొంతులు మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఎక్కడా తగ్గవు. తొలి పాటల్లోని అమాయకత్వం దీంట్లో మచ్చుకైనా లేదు. బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లింది, సొంత దేశంలో మొదటి వందలోకి కూడా రాలేదు. ఇలాంటివి చూస్తే "అభిరుచి మారింది" అన్న మాట మీద నాకు అనుమానం వస్తుంది. సముద్రానికి అటుపక్క అదే ఏడాది, అదే పాటను జనం ఎగబడి కొన్నారు. అమెరికా రేడియోకు వీళ్లు నిన్నటివాళ్లు, అంతే. పాట మారినా పేరు మారలేదు కదా.

అయితే ఆ రోజుల్లో చేసిందంతా బంగారం అని నేననను. బీట్ అండ్ సోల్ ఆల్బమ్‌లో నల్లజాతి గాయకుల పాటలు చాలా ఎత్తుకున్నారు. సోల్ పాటలో గాయకుడు తాళాన్ని వదిలి ముందుకో వెనక్కో లాగి పాడతాడు, అందులోనే దాని ప్రాణం. ఇద్దరు ఒక్క ఊపిరితో పాడాలంటే ఆ స్వేచ్ఛ ఉండదు. అందుకే అక్కడ వాళ్ల హార్మొనీ, అంటే ఆ రెండు గొంతుల జోడింపు, వాళ్లకే అడ్డమొచ్చింది. 1967లో హిట్ సౌండ్ ఆఫ్ ది ఎవర్లీ బ్రదర్స్ అని ఒక ఆల్బమ్ తెచ్చారు, పేరులో తప్ప ఎక్కడా హిట్ లేదు.

1966 నాటి టూ యాంక్స్ ఇన్ ఇంగ్లండ్ కథ వేరు. దీనికి ముందు ఒక సంగతి చెప్పాలి. 1960లో ఎవర్లీలు మాంచెస్టర్‌లో పాడినప్పుడు అల్లన్ క్లార్క్, గ్రాహమ్ నాష్ అనే ఇద్దరు కుర్రాళ్లు కచేరీ అయ్యాక మిడ్‌లాండ్ హోటల్ బయట అర్ధరాత్రి దాటేదాకా కాపు కాశారు. అన్నదమ్ములు వచ్చి వాళ్లతో ఆగి మాట్లాడారట. ఆ కుర్రాళ్లే తర్వాత హోలీస్ బృందంగా పేరు తెచ్చుకున్నారు. ఆరేళ్లకు ఎవర్లీలు లండన్ వెళ్లి ఆల్బమ్ చేస్తే పన్నెండు పాటల్లో ఎనిమిది హోలీస్ రాసినవే, ఎల్. రాన్స్‌ఫర్డ్ అనే కలం పేరుతో. తమను చూసి నేర్చుకున్నవాళ్ల దగ్గర పాటలు తీసుకుని, వాళ్ల పద్ధతిలో పాడాలి! నాకు ఆ ఆల్బమ్ ఇష్టమే. వేగం ఉంది, చమత్కారం ఉంది. కానీ అక్కడ ఎవర్లీలు అతిథులు. ఇల్లు హోలీస్‌ది.

ఇక రూట్స్. 1968 చివర్లో వచ్చింది. వార్నర్ బ్రదర్స్ కంపెనీలో లెనీ వారంకర్ అనే కుర్ర నిర్మాత దీన్ని చేశాడు. ఆల్బమ్ మొదలవగానే పాట రాదు. 1952 నాటి ఎవర్లీ కుటుంబం రేడియో కార్యక్రమం తునక ఒకటి వస్తుంది. తండ్రి తన పిల్లలను పరిచయం చేస్తుంటాడు, రికార్డు గరగరలాడుతుంటుంది. దాని వెనకే కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం పాడే మెర్ల్ హ్యాగర్డ్ పాట మామా ట్రైడ్. హ్యాగర్డ్ అదే ఏడాది హిట్ చేసిన పాట అది. పదహారేళ్ల దూరం ఒక్క అంగలో దాటేస్తాం.

ఆ ఏడాది రాక్ సంగీతంలో కంట్రీ గాలి మొదలైంది. బాబ్ డిలన్ నాష్‌విల్లో రికార్డు చేసిన జాన్ వెస్లీ హార్డింగ్ 1967 చివర్లోనే వచ్చింది, బర్డ్స్ బృందం స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో చేసింది. పొడుగు జుట్టు కుర్రాళ్లు కంట్రీ సంగీతాన్ని కొత్తగా కనిపెట్టినట్టు రాశారు పత్రికలవాళ్లు. ఎవర్లీలకు అది పుట్టిల్లు. విచిత్రం చూడండి, ఫ్యాషన్ తిరిగి తిరిగి వాళ్ల గుమ్మం ముందుకే వచ్చి నిలబడినప్పుడు కూడా ఆ రికార్డును ఎవరూ కొనలేదు.

నన్ను పట్టేసింది మాత్రం ఐ వండర్ ఇఫ్ ఐ కేర్ యాజ్ మచ్ అనే పాట. 1957లో బై బై లవ్ రికార్డు రెండో వైపున ఉన్న పాటే ఇది, అన్నదమ్ములు రాసుకున్నదే. అప్పటి దాంట్లో దుఃఖం ఉంది గానీ అది కుర్రాళ్ల దుఃఖం. గిటార్లు సాఫీగా సాగిపోతాయి, గొంతులు తేటగా ఉంటాయి, పాట అయిపోతుంది. పదకొండేళ్ల తర్వాత అదే పాటను సగం ప్రాణం తీసినట్టు నెమ్మదిగా పాడారు. పదాల మధ్య ఖాళీ పెరిగింది. డాన్‌కు అప్పటికి ముప్పై ఒకటి. మొదటి పెళ్లి ఎప్పుడో పోయింది, మందులు, ఆసుపత్రులు అన్నీ చూసినవాడు. "నాకింకా అంత పట్టింపు ఉందా" అన్న మాటను ఇప్పుడు నిజంగానే అడుగుతున్నాడు. ఫిల్ భాగం స్వరాల్లో పెద్దగా మారలేదు. కానీ అంత నెమ్మదిలో ఒక స్వరాన్ని పట్టుకుని, అన్న ఎప్పుడు వదిలితే అప్పుడే వదలాలంటే ఊపిరి ఎంత అదుపులో ఉండాలో క్వయర్‌లో నిలబడినవాళ్లకు తెలుస్తుంది. వేగంగా పాడే పాటలో తప్పులు దాచుకోవచ్చు. ఇక్కడ దాచుకోవడానికి చోటే లేదు.

రూట్స్‌లో ఇంకో మార్పు ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. వీళ్లు మొదటి మాట నుంచి చివరి మాట దాకా జంటగా పాడి తీరాలన్న నియమం వదిలేశారు. రాండీ న్యూమన్ రాసిన ఇల్లినాయ్ లాంటి చోట్ల ఒక్క గొంతే కథ చెబుతుంది. హార్మొనీ వస్తే దానికొక కారణం ఉంటుంది. ఆల్బమ్ చివర్లో సింగ్ మీ బ్యాక్ హోమ్, ఇదీ హ్యాగర్డ్‌దే. మరణశిక్షకు నడిచి వెళ్తున్న ఖైదీ, దారిలో తన పాత పాట ఒకటి పాడమని అడుగుతాడు. అక్కడ రెండు గొంతులు కలిస్తే వేరే బలం వస్తుంది, ఎందుకంటే అడిగేవాడొకడు, పాడేవాడొకడు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. ఆర్‌సీఏ కంపెనీకి మారి 1972లో స్టోరీస్ వుయ్ కుడ్ టెల్ చేశారు. అతిథులు ఎక్కువ, పట్టు తక్కువ. ఆ తర్వాత చెట్ అట్కిన్స్ నిర్మాతగా పాస్ ది చికెన్ అండ్ లిజన్. అట్కిన్స్ వాళ్ల చిన్నప్పటి నుంచీ అండగా ఉన్న మనిషి. ఈ ఆల్బమ్‌ను తక్కువగా చూస్తారు గానీ గొంతులు బాగా పండిన రోజులవి, వినండి. 1973 జూలై 14న కాలిఫోర్నియాలోని నాట్స్ బెరీ ఫార్మ్‌లో డాన్ తాగి వేదికెక్కాడు. ఫిల్ గిటారు నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. మిగతా కచేరీ డాన్ ఒక్కడే చేశాడు. పదేళ్లు కలిసి పాడలేదు.

ఆ పదేళ్లలో వీళ్ల పాటలు మాత్రం ఊరుకోలేదు. ఫిల్ రాయగా 1960లో వచ్చిన వెన్ విల్ ఐ బి లవ్డ్‌ను లిండా రాన్‌స్టాట్ 1975లో పాడితే అమెరికాలో రెండో స్థానానికి వెళ్లింది. లవ్ హర్ట్స్ మొదట వీళ్లు పాడినదే, సింగిల్‌గా విడుదల కూడా చెయ్యలేదు. దాన్ని నజరెత్ అనే స్కాట్లండ్ రాక్ బృందం ప్రపంచమంతా వినిపించింది. ఇంకా చాలా కాలానికి, 2013లో, మన సితార్ రవిశంకర్ గారమ్మాయి నోరా జోన్స్, రాక్ గాయకుడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌తో కలిసి వీళ్ల 1958 నాటి జానపద ఆల్బమ్ మొత్తాన్ని మళ్లీ పాడింది. ఆమె తోడు గొంతు ఫిల్‌ను అనుకరించదు, తన దారి తాను చూసుకుంటుంది. అందుకే బాగుంది.

అన్నదమ్ములు 1983 సెప్టెంబరులో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో మళ్లీ కలిశారు. మరుసటి ఏడాది ఈబీ 84 వచ్చింది, డేవ్ ఎడ్మండ్స్ నిర్మాత. వాళ్ల కోసం పాల్ మెకార్ట్నీ ఆన్ ది వింగ్స్ ఆఫ్ ఎ నైటింగేల్ రాసిచ్చాడు. చిన్నప్పుడు వీళ్లను అనుకరిస్తూ పాడినవాడే ఆయన కూడా. పాట హాయిగా ఉంటుంది. అందులో ఎవర్లీలు ఎలా ఉండాలని మెకార్ట్నీ అనుకున్నాడో అలాగే ఉన్నారు, 1960లో లాగా. నాకు అక్కడే చిన్న అసంతృప్తి. రూట్స్ చేసినవాళ్లను మళ్లీ పాత ఫొటోలోకి నిలబెట్టినట్టుంటుంది. దానికంటే డాన్ సొంతంగా రాసిన బార్న్ ఎస్టర్డే నయం. అందులో నలభై ఎనిమిదేళ్ల మనిషి గొంతు నలభై ఎనిమిదేళ్ల మనిషి గొంతులాగే వినిపిస్తుంది.

కొత్తగా వినాలనుకునేవాళ్లకు నా వరుస ఇది: ముందు ప్రైస్ ఆఫ్ లవ్, తర్వాత రూట్స్ మొత్తం, ఆపైన చెట్ అట్కిన్స్ ఆల్బమ్. రూట్స్‌ను షఫుల్‌లో మాత్రం పెట్టకండి, రేడియో తునకలు ఎక్కడో మధ్యలో ఊడిపడితే ఏమిటీ గోల అనిపిస్తుంది. 1988 నాటి సమ్ హార్ట్స్ వాళ్ల ఆఖరి స్టూడియో ఆల్బమ్. అది ఓపికుంటేనే.